యలమంద కాలి ఎముక

1971లో నేను తెనాలిలో ఒక చిన్న నర్సింగ్‌హోములో నర్సుని. రేపల్లె నుంచి యలమంద అనే కూలి మనిషి వచ్చి చేరాడు. పాత చీముగడ్డ తినేసి, అతని మోకాలి కింది ఎముక లోపల బోలుపడింది. డాక్టర్ పాండురంగారావు గారు ఆ గుంటలో ప్లాస్టర్ బిళ్లలు నింపుదామన్నారు. శనగగింజంత తెల్లటి బిళ్లలు. అవి మెల్లగా కరిగిపోతుంటే ఆ చోట కొత్త ఎముక పుడుతుందట.

"మళ్లీ చేలో దిగుతానంటారా సిస్టరమ్మా?" అని అడిగాడు యలమంద.

"ఎముక దానంతటదే పెరుగుతుంది. నాదీ పూచీ," మంచం పక్కనున్న అతని భార్య కొండమ్మ కూడా వినేలా అన్నాను.

ఆపరేషన్ రోజు, శుద్ధి చేసిన బిళ్లల ట్రే నా చేతిలోంచి జారింది. గదిలో ఎవరూ లేరు. చెబితే తిడతారని నేలమీది బిళ్లల్ని ఏరి, నోటితో ఊది, మళ్లీ ట్రేలో పోశాను.

పదో రోజుకి కాలు కుళ్లింది. డాక్టర్ గారు నావైపు చూశారు.

"బిళ్లలు శుభ్రమైనవేనా సిస్టర్?"

"అవునండి."

ఇరవయ్యో రోజున యలమంద పోయాడు. ఆ నెలలోనే నేను బాపట్లలో వేరే ఆసుపత్రికి మారిపోయాను.

ఏడాది గడిచింది. ఆ "అవునండి" మోయలేక, కొండమ్మకి నిజం చెబుదామని రేపల్లె వెళ్లాను. దిగేసరికి పొద్దు గూకుతోంది. నన్ను చూసి కొండమ్మ ఆశ్చర్యపోలేదు.

"వచ్చారా? మిమ్మల్నే ఒక మాట అడగాలండి," అని కాలవ గట్టుకి తీసుకెళ్లింది. యలమందని పూడ్చింది అక్కడే.

తుమ్మల కింద చీకటి ముందే దిగింది. తడిమట్టి వాసన. దాని అడుగున, పాత కట్టు విప్పినప్పుడు వచ్చే వాసన. ఎదురుగా మట్టిదిబ్బ. మనిషి పొడుగు ఉండాల్సింది... ఇరవై అడుగులుంది.

"కాళ్ల వైపే సాగుతోందండి," గుసగుసగా అంది కొండమ్మ. "ఎముక పెరుగుద్దన్నారుగా. ఎప్పుడాగుద్దండి?"

మట్టిలో... టిక్. కాసేపాగి... టిక్. ఎండుపుల్ల విరిగినట్టు.

దిబ్బ పక్కన మోకరిల్లాను. ఆమె ముఖం చూడలేక మట్టికి నోరానించాను. "బిళ్లలు కింద పడ్డాయి యలమందా... నేనే ఏరి పోశాను..."

శబ్దం ఆగింది.

లేచి నిలబడ్డాను.

"ఏమన్నారండి?" అంది కొండమ్మ.

చెప్పాల్సింది ఆమెకే. అందుకే అంత దూరం వచ్చాను. నోరు తెరిచాను.

"ప్రార్థన చేశాను."

సిగ్గుతో చెవులు మండిపోయాయి. కొండమ్మ దిబ్బవైపు తల వంచి వింది. చాలాసేపు వింది.

"మరి ఆయన నవ్వుతున్నాడేంటి?"

నాకే నవ్వూ వినపడలేదు. నా అరికాలి కింద మట్టి మాత్రం... మెల్లగా పైకి లేచింది.