తాతబ్బాయి టర్కీలకి పట్టిన జలుబు

వ్యానులో సీక్వెన్సర్ యంత్రం, వైరస్ జన్యువులో మొదటి ముక్క చదవడం పూర్తిచేసింది. ఇంకా ఏడు ముక్కలున్నాయి. బయట పొక్లెయిన్ డ్రైవరు గొయ్యి తవ్వేసి బీడీ వెలిగించాడు.

ఆ గొయ్యి తాతబ్బాయి టర్కీ కోళ్ళ కోసం. వారంగా తుమ్ముతున్నాయి, గుడ్లు మానేశాయి. మందల్ని తుడిచిపెట్టే బర్డ్ ఫ్లూ, H5 అని తేలితే సాయంత్రానికి మంద మొత్తం గోతిలోకే. చుట్టుపక్కల షెడ్లకీ అదే గతి.

"ఆ పెట్టె ఏం చెబుతుందమ్మా, బతుకా చావా?" అన్నాడు తాతబ్బాయి దగ్గుతూ.

"వైరస్ ఒంటినిండా రెండు రకాల ముళ్ళుంటాయి బాబాయ్‌గారూ. ఒకటి H, రెండోది N," అంది వ్యాను తెచ్చిన శాస్త్రవేత్త షహనాజ్. "ఏ H, ఏ N అన్నదాన్నిబట్టి దాని రకం. ఆ ముళ్ళ తయారీ అంతా జన్యువులో నాలుగే అక్షరాలతో రాసుంటుంది. ఈ యంత్రం వాటిని చదివి, లోకంలో దొరికిన ఫ్లూ వైరస్‌లన్నిటితో పోల్చి, దీని అన్నదమ్ములెవరో, ఏ కొమ్మలో పుట్టిందో చెబుతుంది."

"పెళ్ళిళ్ళ పేరయ్యలాగన్నమాట."

"పేరయ్య అబద్ధమాడతాడు. ఇది ఆడదు," అంది తాతబ్బాయి భార్య మంగతాయారు.

నిజమే. వెనకటికి శాంపిల్ ఎక్కడికో పోయి జవాబొచ్చేసరికి కోళ్ళ మీద మట్టి ఆరిపోయేది. ఏ పాపమూ ఎరగని మందల్ని వట్టి అనుమానంతో పాతేసిన రోజులవి. రైతు కన్నీళ్ళు తుడిచేది ఇలాంటి యంత్రమే, ఉపన్యాసాలు కాదు.

తెరమీద కొమ్మలు విచ్చుకున్నాయి. షహనాజ్ కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూసింది.

"H5 కాదు, H1N1. అదీ పక్షుల కొమ్మ కాదు, మనుషుల కొమ్మ. మీరు కోళ్ళ మొహానికి మరీ దగ్గరగా వెళతారా?"

తాతబ్బాయి మీసం దువ్వాడు. "వయసులో పందెంకోళ్ళు పెంచినవాణ్ణమ్మా. ఎండెక్కితే నోటినిండా నీళ్ళు పోసుకుని ఒక్కోదాని మొహం మీద తుంపరగా ఊదుతా. దాని ముందు ఏ కూలరూ పనికిరాదు."

షహనాజ్ అతని ముక్కులోంచి శాంపిల్ తీసి యంత్రంలో పెట్టింది. ఈసారీ అదే కొమ్మ, ఆ కొమ్మలో అదే రెమ్మ.

"ఒక్క అక్షరం తేడా లేదు బాబాయ్‌గారూ. వాటికి మీరే అంటించారు," అంది, అతనికి మాస్కు అందిస్తూ.

డ్రైవరు బీడీ ఆర్పాడు. "అయితే గొయ్యి పూడ్చేయనా అండీ?"

టర్కీలు బతికాయి. ఇంట్లో కోడలు నిండు నెలలతో ఉంది కాబట్టి, తాతబ్బాయిని మాత్రం జబ్బుకోళ్ళని విడిగా ఉంచే ఇనపవల గదిలో పెట్టారు. మంగతాయారు జావగిన్నెని కర్రతో లోపలికి నెట్టింది.

"నన్ను కోడిని చూసినట్టు చూస్తున్నావే," అన్నాడు.

"కోడిని చూసినట్టు చూస్తే ఈపాటికి గోతిలో ఉండేవారు. జావ తాగండి," అంది మంగతాయారు.