పైగది గోడలో గొంతు

మిర్యాలగూడలో హాలియా రోడ్డు దిక్కున లక్ష్మీనర్సయ్య సేటు ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. అదే, ఆ ఇంటి పైగది సంగతి అడగండి... చెప్పేవాడు ముందు అటూ ఇటూ చూస్తాడు. తర్వాత గొంతు తగ్గిస్తాడు.

ఆ గదిలో గోడలు దగ్గుతాయి.

నవ్వకండి. టైల్స్ వేయడానికి వచ్చినవాళ్ళు పెట్టెలు మూలకు నెట్టి, మళ్ళీ మొహం చూపించలేదు. రంగులు వేసే ఈదయ్య ఆ గదిలో పని చేస్తుంటే, కాళ్ళ దగ్గర ఎవరో పెద్దగా నిట్టూర్చారట... ఆ తర్వాత మెట్లు దిగిన సంగతి అతనికి గుర్తులేదు. గేటు బయట తేలాడు, చేతిలో బ్రష్షుతో సహా.

నేనేమీ కళ్ళతో చూడలేదు. ఎలక్ట్రీషియన్ సందీప్ కోదాడ బస్టాండులో చాయ్ తాగుతూ చెప్పగా విన్నాను. కాస్త మసాలా వేసే మనిషే. అయినా చెప్పడంలో పడి చాయ్ చల్లారబెట్టుకోవడం మాత్రం నేను చూశాను.

లక్ష్మీనర్సయ్యది రైస్ మిల్లు. పగలంతా మిల్లు మోత, సాయంత్రం తల్లి భద్రమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని టీవీలో సీరియల్. ఆయన జీవితం అంతే. భద్రమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లు ఎక్కలేదు. కొడుకు వచ్చి కూర్చునే ఆ కాసేపటి కోసం పొద్దున్నుంచీ గడియారం చూస్తుంటుంది పాపం.

సేటుకు ఒకే ఒక్క కోరిక. సొంతింట్లో, పెద్ద తెర మీద, గుండె అదిరే సౌండుతో సినిమా చూడాలి. పైగదిని హోమ్ థియేటర్ చేయాలి. కానీ దగ్గే గోడల మీద చెయ్యి వేయడానికి మిర్యాలగూడలో ఎవడూ రాలేదు, సూర్యాపేటలో ఎవడూ రాలేదు. చివరికి సంగతి తెలియని సందీప్ కోదాడలో దొరికాడు. ఇతను కూడా పారిపోతే ఆ గది ఇక బియ్యం బస్తాలకే.

మొదటి రోజు సాయంత్రం ఇద్దరూ సుద్దముక్క పట్టుకుని గోడల మీద గీతలు గీశారు.

"గోడ ఒక్కసారే కోస్తామండీ, సేటుగారూ. పైపులన్నీ లోపలే పోతాయి కాబట్టి ఏది ఎక్కడో ఇప్పుడే అనుకోవాలి. ప్రొజెక్టర్ వైరుకు మాత్రం లావు పైపు వేద్దాం. దాని చివరున్న పిన్ను తలకాయ పెద్దది, సన్నపైపులో పట్టదండి."

"నువ్వెట్లంటే గట్ల. ఎనక స్పీకర్లు నా చెవుల కాడికి రావాలె. ఇగ మిల్లు కాడికెల్లి రాంగనే సక్కగ గీడికే వస్త. కింద కూసునుడు బంద్!"

ఆ మాట అన్నాక గోడలో ఏదో కదిలినట్టయింది. బల్లి అనుకున్నారు.

రెండో రోజు సేటు మిల్లు నుంచి రావడం ఆలస్యమైంది. బయట చీకటి పడింది. సందీప్ ఒక్కడే ఉన్నాడు. కోత మిషన్ తీసి, సుద్దగీత మీద పెట్టి, "ఇక కోసేద్దాం" అని పైకే అనుకుంటూ స్విచ్ నొక్కబోయాడు...

"వద్దు..."

చెయ్యి ఆగింది. గదిలో ఎవరూ లేరు. కిటికీ మూసే ఉంది.

"కొయ్యకు... నొస్తది..."

ఆడ గొంతో మగ గొంతో తెలియదు. బావిలోంచి వచ్చినట్టు లోతుగా, చల్లగా... గోడలోంచి! సందీప్ మిషన్ అక్కడే పడేసి మెట్ల మీదికి ఉరికితే, పైకి వస్తున్న సేటు పొట్టకు గుద్దుకున్నాడు.

"సేటుగారూ, నా వల్ల కాదండీ. మీ గోడకు నొప్పెడుతుందంట!"

"గోడకు నొప్పేందిరా? పా, సూద్దాం."

సేటు ధైర్యంగానే అన్నాడు. కానీ చొక్కా పట్టుకుని సందీప్‌నే ముందు నడిపించాడు.

ఇద్దరూ గది మధ్యలో నిలబడ్డారు. నిశ్శబ్దం... ఎక్కడో కుక్క మొరిగి ఊరుకుంది. సందీప్ ఆంజనేయ దండకం మొదలుపెట్టాడు గానీ రెండో ముక్క గుర్తుకు రాలేదు.

"పెద్దోడా..."

సేటు సందీప్ చొక్కా వదిలేశాడు. ఆయన్ని 'పెద్దోడా' అని పిలిచిన మనిషి ఈ భూమ్మీద ఒక్కరే. చనిపోయిన తండ్రి.

"నాయినా... నువ్వేనా?"

గోడ కాసేపు ఆలోచించింది.

"ఆఁ... నేనే."

సేటు గోడకు చేతులు జోడించాడు. కళ్ళల్లో నీళ్ళు. అంత పెద్ద మిల్లు నడిపే మనిషి చిన్నపిల్లాడిలా అయిపోయాడు.

"ఏం తప్పు చేసిన నాయినా?"

"కిందికి పో, పెద్దోడా... మీ అమ్మ ఒక్కతే ఉన్నది... పైన నీకేం పని..."

"పోత నాయినా. ఇప్పుడే పోత. ఈ సినిమాలు గినిమాలు ఖతం!"

"మంచిగుండు బిడ్డా... గట్లనే జర మీ అమ్మకు బెల్లం పెట్టుమని కోడలుకు చెప్పు... షుగరని అసలే పెడ్తలేదు..."

సేటు జోడించిన చేతులు మెల్లగా కిందికి దిగాయి.

సరిగ్గా అప్పుడే గోడలోంచి ఇంకో గొంతు వచ్చింది. ఇది లోతుగానూ లేదు, చల్లగానూ లేదు. అచ్చం సేటు భార్య అరుణకుమారి గొంతు.

"ఏందత్తమ్మా! క్యాలెండర్ లేపి గోడకు మూతిబెట్టి ఎవరితోని మాట్లాడుతున్నరు?"

గోడ టక్కున నోరు మూసుకుంది.

సేటూ సందీపూ మొహామొహాలు చూసుకున్నారు. సందీప్ వెళ్ళి టైల్స్ పెట్టెలు పక్కకు లాగాడు. వాటి వెనక, నేలకు కాస్త ఎత్తున, గోడలో ఖాళీ పైపు నోరు తెరుచుకుని ఉంది.

జరిగింది ఇదీ. ఇల్లు కట్టినప్పుడు పైన గది లేదు, ఉత్త డాబా. కింద టీవీ పాయింటు నుంచి డాబా మీది డిష్ దాకా గోడలో పైపు వేశారు. కొన్నాళ్ళకు వాస్తు చూసేవాడొకడు టీవీ ఆ గోడకు ఉండకూడదన్నాడు. టీవీని ఎదురు గోడకు మార్చారు, వైరు లాగేశారు. గోడలో మిగిలిన పాత వైరు బాక్సుకు మూత వేయలేదు. మన ఇళ్ళల్లో మామూలే కదా, బొక్క కనిపిస్తే దాని మీద దేవుడి క్యాలెండర్ తగిలిస్తాం. తర్వాత డాబా మీద గది లేచింది. పైపు రెండో మూతి సంగతి అందరూ మరిచిపోయారు. భద్రమ్మ మంచం ఆ క్యాలెండర్ కిందే! ఇన్నేళ్ళూ పైన దగ్గింది ఆమే, నిట్టూర్చింది ఆమే. పైపు సంగతి ఆమెకూ తెలియదు, ముందురోజు కొడుకు మాటలు దాంట్లోంచి వినబడేదాకా.

సేటు కిందికి దిగాడు, వెనకే సందీప్. భద్రమ్మ దుప్పటి ముసుగేసి గురక పెడుతోంది. మరీ పెద్ద గురక.

"అమ్మా."

గురక ఆగింది.

"నాయిన గొంతుతోని నన్ను భయపెడ్తవా అమ్మా?"

ముసుగు కొంచెం జరిగింది.

"మరేం జెయ్యాలె నర్సయ్యా? కింద కూసునుడు బంద్ అంటివి. నేనా మెట్లెక్కలేను. పొద్దుమూకినంక నాతోని ఎవరు మాట్లాడుతరు బిడ్డా?"

సేటు మంచం అంచున కూర్చుని తల్లి కాళ్ళు ఒళ్ళోకి తీసుకున్నాడు. వెక్కివెక్కి ఏడ్చాడని సందీప్ అంటాడు. సేటు మాత్రం గోడ దుమ్ము కళ్ళల్లో పడిందంటాడు.

"సందీప్! ఆ గీతలన్నీ తుడిచెయ్. తెర గీడ పెట్టాలె, ఈ మంచం ఎదురుంగ. ఎనక స్పీకర్లు మా అమ్మ చెవుల కాడ."

పది రోజుల్లో పని అయిపోయింది. తల్లి గది నిండా చీకటి చేసి, రిమోట్ చేతిలోకి తీసుకుని, సేటు దర్జాగా అడిగాడు.

"చెప్పమ్మా, మొదటి సినిమా ఏం పెట్టాలె?"

భద్రమ్మ కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏదన్న పెట్టు బిడ్డా. దయ్యాలది మాత్రం వద్దు... నాకు భయం."