బోడిబండ కాడ అడిగే మాట

గువ్వల కనుమలో బోడిబండ అని ఒకటుంది. పొద్దుగూకాక ఆ దారిన ఎవరూ నడవరు. బండ మీద నుంచి ఒక గొంతు వినిపిస్తుందట. పేరు పెట్టి పిలవదు, ఏడవదు, నవ్వదు. ఒక్క మాట అడుగుతుంది.

"ఎవురి మనిషివప్పా?"

ఈ పార్టీ పేరు చెబితే రక్తం కక్కుకుని చస్తారట. ఆ పార్టీ పేరు చెప్పినా అంతే. నోరెత్తకుండా పరుగెత్తినవాడు జ్వరంతో మంచం పడతాడట. అందుకే కనుమ దాటితే కనిపించే ఊరికి కూడా జనం ఎర్రగుంట్ల దాకా పోయి, సిమెంటు లారీల దుమ్ము మింగి, బస్సులో చుట్టు తిరిగి వెళ్తారు.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు భయం కంటే ముందు రోత పుడుతుంది. మా దగ్గర ఇల్లు అద్దెకిచ్చేముందు ఎవరి మనిషివని అడుగుతారు. రేషన్ కార్డుకు అడుగుతారు. పెళ్ళిచూపుల్లో అడుగుతారు. చచ్చి దెయ్యమైనా అదే ప్రశ్న అంటే, ఇక మనిషికి విముక్తి ఎక్కడ?

ఆ గొంతును చెవులారా విన్నవాడు ఆనందయ్య. ప్రొద్దుటూరు కాలేజీలో డ్రిల్లు సారు. ఆయన నాకు చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

ఆనందయ్యకు సైకిలు పిచ్చి. బెంగళూరు నుంచి గేర్ల సైకిలు తెప్పించుకున్నాడు. లావుపాటి టైర్లు, రాళ్ళ మీద కూడా ఎక్కుతుంది. కాలేజీ పిల్లల్ని జట్టుగా చేర్చి సైకిళ్ళ మీద కొండల వెంట తీసుకుపోవాలని ఆయన కోరిక. జమ్మలమడుగులో బయలుదేరి, కొండల అంచునే ఎక్కుతూ దిగుతూ, గువ్వల కనుమ దాటి, సింహాద్రిపురం మీదుగా పులివెందుల చేరాలి. ఇక్కడి పిల్లలకు కొండంటే మనుషులు దాక్కునే చోటు, బాంబులు దాచే చోటు. ఒక్కసారైనా వాళ్ళు కొండను కొండలాగా చూడాలన్నది ఆయన పట్టుదల.

ఆ యాత్ర జరగలేదు. సారు దెయ్యానికి జడిసి మానుకున్నాడని నవ్వినవాళ్ళున్నారు. అది కాదు సంగతి.

ప్రతి ఆదివారం చర్చిలో ఆరాధన ముగియగానే ఆయన ఒక్కడే దారి చూసుకోవడానికి వెళ్ళేవాడు. ఎక్కడ సైకిలు దిగి తొయ్యాలి, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, ఏ వాలు మీద బ్రేకులు నిలుస్తాయి... అన్నీ తొక్కి చూసేవాడు. పిల్లలు దారి తప్పకుండా మలుపు మలుపుకూ రాళ్ళ మీద సున్నంతో బాణం గుర్తులు వేసేవాడు.

పని లేకుండా కొండెక్కేవాణ్ని మా దగ్గర ఎవరూ నమ్మరు. పైగా అవి ఎలక్షన్ల ముందు రోజులు. ఈ సంగతి ఆనందయ్యకు తట్టలేదు.

ఆ ఆదివారం కొండవాలు దిగుతుంటే ముందు చక్రంలో కంపముల్లు దిగింది. బాగుచేసే సామాను ఇంట్లోనే మరిచిపోయాడు. సైకిలు తోసుకుంటూ కనుమలోకి వచ్చేసరికి పొద్దుగూకింది. గాలి లేదు. చక్రం తిరిగిన చప్పుడు తప్ప ఇంకేం లేదు. టిక్... టిక్... టిక్...

బోడిబండ కింద ఊపిరి తీసుకుందామని ఆగాడు. ఆ చప్పుడూ ఆగింది.

అప్పుడు... బండ మీద నుంచి... తగ్గు గొంతుతో—

"ఎవురి మనిషివప్పా?"

మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయన్నాడు. తలెత్తి చూశాడు. బోడి రాయి, దాని పైన ఆకాశం. మనిషి లేడు. ప్రార్థన చేసుకుందామంటే ఒక్క మాటా గుర్తు రాదు.

మళ్ళీ వినిపించింది. ఈసారి ఇంకా దగ్గరగా.

"ఎవురి... మనిషివప్పా?"

"ఎవురి మనిషినీ కాదప్పా" అన్నాడు ఆనందయ్య, గట్టిగానే. "ఈ కొండ చూద్దామని వచ్చినా."

బండ మీద అలికిడి లేదు. దిగువన ఎండిన వంకలోంచి మాత్రం అడుగులు వినిపించాయి. ఒకటి కాదు, చాలా. టార్చిలైట్లు మొహాన పడ్డాయి, ఎవరో చొక్కా పట్టుకుని వంకలోకి ఈడ్చారు.

దెయ్యం కాదు, మనుషులే. అక్కడి ఒక పార్టీ నాయకుడి మనుషులు. కనుమకు అవతల ఆయన తోట ఉంది. ఎలక్షన్లు వస్తే ఈ దారికి కాపలా పెడతాడు. వంకలో సారా కంపు. విస్తళ్ళలో మాంసం, పక్కనే బకెట్లో రంపపు పొట్టు మధ్య పేర్చిన నాటుబాంబులు. ఒకడు ఆ బకెట్టు పక్కకు జరిపి, అదే చేత్తో ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"సున్నం గుర్తులు నీయేనా?" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. తర్వాత తెలిసింది, పేరు నారాయణ. "పెద్దాయన జీపు తిరిగే మలుపులన్నీ గుర్తు పెట్టినావే. ఎవురు పంపినారు నిన్ను?"

వాళ్ళు ఆ గుర్తులు వేసేవాడి కోసమే కాచుకుని ఉన్నారు. పిల్లలకు దారి చూపే బాణాలు వాళ్ళ కళ్ళకు తమ నాయకుణ్ణి చంపడానికి వేసిన రెక్కీగా కనిపించాయి. ఆనందయ్య సైకిలు చూపించాడు, పిల్లల సంగతి చెప్పాడు. ఒకడు కొడవలి చేతిలోకి తీసుకుని, కొండ చూసేదానికి వచ్చినాడంట అని నవ్వాడు. అంతకంటే పెద్ద అబద్ధం వాళ్ళు విని ఉండరు.

ఏం చెయ్యాలో అడిగి రమ్మని తోటకు మనిషిని పంపారు. వాడు వచ్చేదాకా కొడవలివాడు పక్కనే కూర్చున్నాడు. ఆనందయ్య తన భార్య రాహేలును తలుచుకుంటూ ఉండిపోయాడు.

మనిషి తిరిగొచ్చాడు. నాయకుడి మనవడు ఆ కాలేజీలోనే చదువుతున్నాడట, డ్రిల్లు సారని తెలిసి పెద్దాయనే వదిలెయ్యమన్నాడట. యాత్ర కూడా జరుపుకోమన్నాడట, కాకపోతే ప్రతి సైకిలుకూ తన పార్టీ జెండా కట్టాలట. జెండా ఊపడానికి తానే వస్తాడట.

యాత్ర అక్కడే చచ్చిపోయింది. పిల్లల్ని కొండ చూడ్డానికి తెద్దామనుకుంటే, వాళ్ళనూ ఎవరో ఒకరి మనుషుల్ని చెయ్యాలి. ఆ పని తన చేతుల మీదుగా జరగకూడదని అప్పుడే అనుకున్నాడు.

రోడ్డు దాకా దిగబెట్టడానికి నారాయణ వెంట వచ్చాడు. బోడిబండ దాటాక ఆనందయ్యకు భయం తగ్గింది, కోపం పొంగింది.

"ఇన్నేళ్ళూ దెయ్యం పేరుతో జనాన్ని బెదిరిస్తాండేది మీరేనన్నమాట. రోతగా లేదా మీకు?"

నారాయణ ఆగాడు. టార్చి ఆర్పేశాడు.

"మేం అడగలేదు సార్" అన్నాడు, గుసగుసగా. "మేం వంకలో అన్నం తింటాంటిమి. నువ్వు ఎవురికో జవాబు చెప్పేది ఇనపడె. అందుకే వచ్చినాం."



చీకట్లోనే నారాయణ చెప్పాడు. వెనకటి ఎలక్షన్లప్పుడు కూడా ఇక్కడే కాపలా. ఆ బండ మీద తనే కూర్చున్నాడు, మొహానికి తువ్వాలు చుట్టుకుని. దారిలో ఎవరో వస్తున్న అలికిడైంది. ఎవరి మనిషివని అడిగాడు. వచ్చినవాడు తువ్వాలు చాటు గొంతు పోల్చుకోలేక, అడిగింది శత్రువులేమోనని జడిసి, ప్రాణం కాపాడుకోవడానికి అవతలి నాయకుడి పేరు చెప్పాడు. పేరు పూర్తికాకముందే బాంబు పడింది. లైటు వేసి చూస్తే... ఓబులేసు. నారాయణ చెల్లెలు వనజమ్మ మొగుడు. వీళ్ళకే సద్ది తెస్తున్నాడు. క్యారియరు తెరుచుకుని అన్నం రాళ్ళ మీద పడి ఉంది.

నాయకుడు ఆ శవాన్ని ఊరేగించాడు. చంపింది అవతలివాళ్ళేనన్నాడు. దానికి బదులుగా అవతలి ఊళ్ళో తలలు తెగాయి. ఎలక్షన్లో గెలిచాడు. వనజమ్మ ఇప్పటికీ అవతలివాళ్ళనే తిట్టి మన్ను పోస్తుంది, అన్నకు పిలిచి అన్నం పెడుతుంది.

"అయితే... బండ మీద అడిగింది..." అన్నాడు ఆనందయ్య.

వెనక చీకట్లోంచి, చాలా మెల్లగా, మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. నారాయణ వెనక్కి తిరగలేదు.

"మాట నాది సార్" అన్నాడు. "గొంతు మా ఓబులేసుది."