తొమ్మిదో ల్యాప్‌లో తెల్ల జెండా

“ఈ ఆటలో పక్క కారుని గుద్దడం తప్పు కాదు. అందుకే హత్యకి దీన్ని ఎంచుకున్నారు.” ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు.

హామిల్టన్ శివార్లలోని స్పీడ్‌వే, కార్ల రేసుల మట్టి ట్రాక్, గేటు ముందు ఏజెంట్ వంశీకృష్ణ కారు ఆపాడు.

“టార్గెట్?”

“స్పందన. మూడేళ్లు ఆ విదేశీ ముఠాలో ఉంటూ మనకి పనిచేసింది. సోమవారం కోర్టులో వాళ్ల పేర్లు చెబుతుంది. ఈ సాయంత్రం ఇరవై ఏడో నంబర్ కారు నడుపుతోంది. వద్దంటే, ‘నేను దాక్కుంటే వాడూ దాక్కుంటాడు’ అంది.”

“వాడెవరు?”

“యూరప్ సర్క్యూట్ రేసర్. పన్నెండు కార్లలో ఒకదాని డ్రైవర్‌ని తప్పించి, హెల్మెట్ పెట్టుకుని కూర్చుంటాడు. బంపర్‌లో స్ప్రింగ్ మీద ఉక్కు మేకు. చివరి ల్యాప్‌లో గుద్దుతాడు. వెతికితే పారిపోతాడు. నువ్వు జెండాలు ఊపేవాడిగా వెళ్తున్నావు. ఎర్ర జెండా కర్రలో ట్రాన్స్‌మిటర్ ఉంది. కారు నంబర్ నొక్కితే దాని ఇంజిన్ ఆగుతుంది. ఒక్కసారే పనిచేస్తుంది.”

నారింజ రంగు జాకెట్ వేసుకుని వంశీ జెండాల మంచె ఎక్కాడు. పైన అరవై ఏళ్ల కోటేశ్వరమ్మ ఉంది.

“మీ దగ్గర గోంగూర మొక్క ఉందట ఆంటీ?”

“వేరు పట్టాక ఇస్తాను.”

కోడ్ సరిపోయింది.

ఆమె ఒకప్పుడు గుంటూరులో లెక్కల టీచరు. ఇక్కడ ఇరవై ఏళ్లు జెండాలు ఊపింది ఆమె భర్త. మార్చిలో ఆయన పోయారు. అప్పటినుంచి ఆమె నిలబడుతోంది.

“పాఠం అప్పజెప్పు. పచ్చ?”

“స్టార్ట్.”

“పసుపు?”

“ప్రమాదం. స్లో.”

“ఎరుపు?”

“ఎక్కడివాళ్లక్కడ ఆగాలి.”

“నలుపు?”

“ఆ కారు బయటికి. గళ్లది, రేస్ అయిపోయింది.”

“తెలుపు?”

“లొంగిపోవడమా?”

“యుద్ధానికొచ్చావా నాయనా? మన ట్రాక్ మీద అది చివరి ల్యాప్. టీవీలో ఆ యూరప్ రేసుల్లో అయితే, ముందు నెమ్మది బండి ఉంది, జాగ్రత్త అని. మీ అంకుల్ టీవీతో పోట్లాడేవారు.” తెల్ల జెండాని అంచుకి అంచు కలిపి మడిచింది. “ఆఖరిసారి ఆయన పట్టుకున్నది ఇదే.”

రేస్ మొదలైంది. పదిహేను ల్యాపులు. ఎనిమిది అయ్యేసరికి బురద చిమ్మి నంబర్లు సగం కనబడటం లేదు. అందరూ అందరినీ గుద్దుతున్నారు. ఎవరిది ఆట, ఎవరిది హత్య?

యూరప్ రేసర్. తెల్ల జెండా.

వంశీ దాన్ని అందుకుని ఊపాడు.

“ఏయ్! ఇంకా ఆరు ల్యాపులున్నాయి!”

“తెలుసు ఆంటీ.”

పదకొండు కార్లు గర్జించాయి. ఒక్క కారు ముక్కు మాత్రం కిందికి వంగింది. బ్రేక్. అరక్షణమే. పక్కవాళ్ల వేగం చూసి ఆ డ్రైవర్‌కి సంగతి తెలిసిపోయింది. ఇది చివరి ల్యాప్! కారు స్పందన వైపు తిరిగింది. బంపర్‌లోంచి మేకు బయటికొచ్చింది.

చంపమని సంకేతం ఇచ్చింది తనేనని వంశీకి అప్పుడు అర్థమైంది. ఎర్ర జెండా ఎత్తాడు. పది కార్లు ఆగుతున్నాయి. స్పందన కూడా గోడ పక్కన ఆగుతోంది. ఆ ఒక్కటే ఆగడం లేదు.

తలుపు మీద బురద. అరవై ఒకటా, ఎనభై ఒకటా?

“ఆంటీ, నంబర్!”

“అరవై ఒకటి. ఆ వంగిన పొగగొట్టం దానిదే.”

నొక్కాడు.

ఇంజిన్ చచ్చింది. కారు మట్టిలో జారుతూ, జారుతూ వచ్చి ఆగింది. మేకు కొసకీ స్పందన తలుపుకీ మధ్య జానెడు దూరం.

మెకానిక్కుల వేషంలో ఉన్న నలుగురు పోలీసులు హంతకుణ్ణి కిటికీలోంచి బయటికి లాగారు. స్పందన హెల్మెట్ తీసింది. లిప్‌స్టిక్ చెదరలేదు.

“ఎవరయ్యా ఆ జెండా ఊపింది? ఫస్ట్ వస్తున్నా!” అని మంచె వైపు అరిచింది. చేతులు మాత్రం మళ్లీ స్టీరింగ్‌ని పట్టుకుని వదలడం లేదు.

కోటేశ్వరమ్మ తెల్ల జెండా దుమ్ము దులిపింది. మళ్లీ అంచుకి అంచు కలిపింది.

“ఆరుకి అయిదు మార్కులు,” అంది. “తెల్లది తప్పు.”