తెగిన పడుగు

"అమ్మా! ఏం చేశావమ్మా!"

భరణి కేకకు సావిత్రమ్మ తల తిప్పింది. సౌదీలో, అల్ అజీజియాలోని ఆ ఫ్లాట్ హాల్లో, కోడలు సుప్రజ నెలల తరబడి నేస్తున్న మగ్గం మీద బోర్లా పడి ఉందావిడ! నిలువునా బిగించిన పడుగు దారాలు తెగి చేతులకు చుట్టుకుపోయాయి. గోరింటాకుతో, దానిమ్మ తొక్కలతో, నీలిమందుతో ఆ పిల్ల ఎంత ఇష్టంగా రంగులద్దుకున్న దారాలవి! వచ్చే వారమే హుఫూఫ్‌ ఊళ్ళో చేనేతల ప్రదర్శన...

"అంత పెద్ద మగ్గం కనిపించలేదా నీకు?"

ఆ మాటతో ఆవిడ ఇన్నాళ్ళూ దాచుకున్న దుఃఖం కట్టలు తెంచుకుంది. "కనిపించలేదురా నాన్నా... నిజంగానే కనిపించలేదు! కళ్ళలో నీటికాసులట, అంతా మసకే. పోయిన చూపు ఇక రాదన్నాడు మన ఊళ్ళో డాక్టరు. చెబితే ఉద్యోగం వదిలేసి వచ్చేస్తావని..."

భరణి ఉన్నచోటే కూలబడిపోయాడు. సుప్రజ మాత్రం పరుగున వచ్చి అత్తగారిని లేవదీసింది. "దెబ్బేమైనా తగిలిందా అత్తయ్యా?" మగ్గం ఊసే ఎత్తలేదు! అందుకే సావిత్రమ్మకు ఏడుపు మరింత పొంగుకొచ్చింది.

"నన్ను తిట్టమ్మా! నీ కష్టమంతా మట్టిపాలు చేశాను..."

సుప్రజ ఆవిడ కళ్ళు తుడిచి, స్టూలు మీద కూర్చోబెట్టి, తెగిన రెండు దారపు కొసల్ని వేళ్ళ మధ్య పెట్టింది. "వీటిని ముడి వెయ్యండి. మిగతావి కలిసి వేద్దాం."

"ఎగుడుదిగుడుగా వస్తాయే!"

"రానివ్వండి."

భరణి జుబైల్‌లో డ్యూటీకి వెళ్ళగానే రోజూ ఇద్దరూ మగ్గం ముందు చేరేవారు. ఒక్క ముడినీ వెనక్కి తిప్పి దాచలేదు సుప్రజ. వాటి చుట్టూ ఓచోట లావు నూలు, ఓచోట సన్న నూలు పెట్టి నేసింది. నేసిన వైపు మాత్రం అత్తగారిని చెయ్యి పెట్టనివ్వలేదు. "ప్రదర్శన దాకా ఆగండి," అని నవ్వేది.

ఆ రోజు రానే వచ్చింది. చల్లటి హాలు, అడుగుల చప్పుళ్ళు... ప్రదర్శన ఏర్పాటు చేసిన పెద్దావిడ హఫ్సా ఆ వస్త్రం ముందు చాలాసేపు నిలబడి, అరబీలో ఏదో అంది. సావిత్రమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఏమందమ్మా? ముడులు బాగాలేవందా?"

"కాదత్తయ్యా! మీ సంగతి చెప్పాను, ముట్టుకోవద్దన్న బోర్డు దీనికి తీసేయమన్నారు. ముందు మిమ్మల్నే ముట్టుకోమంటున్నారు..."

సావిత్రమ్మ భయంభయంగా చెయ్యి చాచింది. నున్నటి నేత... మెల్లగా మడతలు మడతలుగా లేచింది. లేచి లేచి, అంచున ఒక్కసారిగా ముడులై చిందింది! ఆపైన గరుకు నూలు. దానిమీద పచ్చి గోరింటాకు వాసన!

"సముద్రం!" ఆవిడ ఒళ్ళంతా పులకరించింది. "ఇది సముద్రం కదూ! ఇదిగో, ఇక్కడ అల విరిగింది... ఇది నురగ... ఇది తడి ఇసుక! సుప్రజా, నాకు కనిపిస్తోందమ్మా!"

"మీరు పడకపోయుంటే ఇది గోడకు వేలాడే ఉత్త బొమ్మ అయ్యేది అత్తయ్యా..."

అటువైపు హఫ్సా కూడా కళ్ళు మూసుకుని వస్త్రాన్ని తడుముతోంది. భరణి వచ్చి తల్లి పక్కన చెయ్యి ఆనించాడు.

"నాకేం తెలియడం లేదమ్మా... ముడులే తగులుతున్నాయి."

"కళ్ళు తెరిచే ఉంటావు నువ్వు! మూసుకో నాన్నా."

భరణి కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దించినట్టు కొడుకు చూపుడువేలు పట్టుకుని, సావిత్రమ్మ అతన్ని నెమ్మదిగా లోతునుంచి ఒడ్డుకు నడిపించింది.