తండ్రితో మాట్లాడాలట

ముత్తెన్న పొద్దున్నే ఇంటి పక్క కళ్లంలో ఉడికిన పసుపు కొమ్ములను పలచగా పరుస్తున్నాడు. కూతురు త్రివేణి చెయ్యేస్తే పని తొందరగా తెమిలేది. కానీ ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు దగ్గరపడ్డాయి. చదువుకుంటోంది కాబోలనుకుని పిలవలేదు.

ఆర్మూర్ శివార్లలోని ఆ ఇంటి ముందు బైకు ఆగింది. దిగిన మనిషిని చూసి ముత్తెన్న నడుమెత్తి నిలబడ్డాడు. గంగాదాస్. చనిపోయిన భార్య సువర్ణకు తమ్ముడు. నాలుగేళ్లుగా ఈ గడప తొక్కనివాడు.

సువర్ణ పోయిన రోజు పుట్టింటి చీర కోసం ఊరంతా ఎదురుచూసింది. ఆ చీర కప్పాకే పాడె లేవాలి. కమ్మర్‌పల్లి నుంచి చీర రాలేదు. ఎండ ఎక్కుతోందని ముత్తెన్న పాడె లేపించాడు. గంగాదాస్ చీర పట్టుకుని వచ్చేసరికి చితి కాలుతోంది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఏం పని పడ్డది?" అన్నాడు ముత్తెన్న.

"త్రివేణి రమ్మన్నది బావా."

"నా ఇంటికి పిలువనీకె గామెవరు?"

త్రివేణి ఫోను పట్టుకుని గడపలోకి వచ్చింది. "నేనే రమ్మన్న బాపు. జర లోపలికి రా, చెప్త."

"గీడనే చెప్పు. పసుపు వింటదని ఫికరా?"

చెప్పింది. బెంగళూరులో ఒక కాలేజీ ఉంది. ఇంటర్ పరీక్షలకు ముందే దరఖాస్తు చేసినవాళ్లలో కొందరిని ఎంచుకుని ఫీజు, హాస్టలు ఉచితంగా ఇస్తారు. తర్వాత వచ్చేవాళ్లకు ఆ అవకాశం ఉండదు. పోయిన నెల ఆమె ఇంట్లోంచే పరీక్ష రాసింది, నెగ్గింది. ఇవాళ ఫోనులో ఆఖరి ముఖాముఖి. ముందు పిల్లతో, తర్వాత తండ్రితో మాట్లాడతారు.

"ఇంటర్ పరీక్షలే రాయలె. పాసైతవో లేదో ఎరుక లేదు. అప్పుడే కాలేజీల కాలు వెట్టినవా?"

"పాసైతెనే సీటు బాపు. గిప్పుడు ఖాయం చేసి పెడ్తరంతే."

"తండ్రితోని మాట్లాడ్తరంటివి. మరి గీయనెందుకొచ్చిండు?"

గంగాదాస్ నేల చూపులు చూశాడు. అప్పుడు ముత్తెన్నకు అర్థమైంది.

"ఓహో. నేను సచ్చిననుకున్నరా?"

"నేను వద్దనే అన్న బావా. మీ బాపునే అడుగు పో అన్న..."

"నోరు ముయ్యి. అక్కకు చీర తేనీకె ఆలస్యమైంది. నా బిడ్డకు తండ్రివైతందుకు మాత్రం టైముకొచ్చినవ్!"

గంగాదాస్ ముఖం నల్లబడింది. "బట్టల దుకాణం తెరువకపాయె బావా. షటరు కొట్టుకుంట..."

"బంజెయ్." ముత్తెన్న కూతురి వైపు తిరిగాడు. "మీ అమ్మ చెప్పకుండ పోయింది. నువ్వు గూడ గట్లనే పోదామనుకున్నవా?"

"అడిగితె పంపుతుంటివా?"

"పంపను."

"గందుకే అడుగలె." త్రివేణి ఆగలేదు. "మామ కోసం నువ్వు జరసేపు ఆగలె. నాలుగేండ్ల సంది మాట్లాడలె. నేను పోతనంటె నాతోని ఎన్నేండ్లు మాటలు బంజేస్తవో అని భయమైంది బాపు. మాట్లాడితె గద అడుగనీకె! అన్నం పెడ్త. తింటవు, చెయ్యి కడుక్కొని పోతవు. గీ ఇంట్ల గోడలతోని మాట్లాడుకుంట పెరిగిన నేను."

మాట లేకుండా తిని లేచిపోతే ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాడు ముత్తెన్న ఇన్నాళ్లూ.

ఫోను మోగింది. త్రివేణి మామ వైపు చూసింది. గంగాదాస్ వెనక్కి జరిగాడు. "నాతోని గాదు బిడ్డ. తండ్రి ఎదురుంగ ఉండంగ తండ్రినని నేనెట్ల అంట?"

ఆమె కళ్లు తుడుచుకుని అరుగు మీద కూర్చుంది. ఇంగ్లీషులో ఏదో చెబుతోంది, చేతులు తిప్పుతోంది. ఒక్క ముక్కా ముత్తెన్నకు అర్థం కాలేదు. మధ్యలో ఆమె పకపకా నవ్వింది. సువర్ణ పోయాక ఆ నవ్వు అతను వినలేదు.

త్రివేణి లేచి వచ్చి ఫోను తండ్రి ముందు పట్టుకుంది. "నిన్ను అడుగుతున్నరు బాపు. వద్దంటె వద్దని చెప్పు. నేనేమన."

తెరమీద కళ్లద్దాల మేడం తెలుగులోనే పలకరించింది. "నమస్కారమండీ. అమ్మాయి ఇంత దూరం వచ్చి చదువుకోవడం మీకు ఇష్టమేనా?"

ముత్తెన్నకు అబద్ధం చేతకాదు.

"ఇష్టం లేదు మేడం."

త్రివేణి భుజాలు జారిపోయాయి. గంగాదాస్ ముఖం తిప్పుకున్నాడు.

"ఇష్టం లేదు," మళ్లీ అన్నాడు. "ఇల్లు బోసిపోతది. నేను ఎవరి చేతి అన్నం తినాలె? గని పంపుత. మీతోని మాట్లాడుకుంట నా బిడ్డ నవ్వింది. నాతోని గట్ల ఎన్నడు నవ్వలె."

మేడం మెల్లగా, "మంచిదండీ. సీటు ఖాయం," అంది.

ఫోను ఆగగానే త్రివేణి తండ్రి భుజం మీద పడి ఏడ్చింది. పసుపు చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక అతను కొంతసేపు అలాగే నిలబడి, చివరికి ఆమె వీపు మీద వేశాడు.

గంగాదాస్ చప్పుడు లేకుండా బైకు తిప్పుతున్నాడు.

"యాడికి?" అన్నాడు ముత్తెన్న, అటు చూడకుండానే.

"పోత బావా."

"తిని పో. మాఫ్ చేసిననుకోకు. అన్నం తినుమంటున్న, గంతే."

త్రివేణి ముగ్గురికీ కంచాలు పెట్టింది. ముత్తెన్న మొదటి ముద్ద కలిపి ఆగాడు.

"గా కాలేజీల ఏం చదువుతవ్ బిడ్డా? జర మెల్లగ చెప్పు. సమజ్ గాకపోతె మల్ల అడుగుత."