శనివారం రిపోర్టు

గ్యాస్ బుక్ చెయ్యాలె.
అమ్మ బీపీ గోళీలు రెండు నెలలవి తేవాలె.
షోరూం చీర ఉతికి వాపసియ్యాలె.
రాజశ్రీ అక్కకు చెప్పాలె.
శనివారం రిపోర్టు తెచ్చుకోవాలె.

క్యాలెండర్ కాగితం వెనక రాసిన ఐదు పనులు. నాలుగింటికి టిక్కులున్నాయి. ఐదోదానికి లేదు.

2012 అక్టోబర్ 13, శనివారం. ఉదయం 9.20. నాచారంలో సత్తమ్మ ఇల్లు. ఎస్సై జనార్ధనరావు ఆ కాగితాన్ని మూడోసారి చదివాడు.

రాసింది సత్తమ్మ కూతురు సంతోషి. ఇరవై నాలుగేళ్లు. ఉప్పల్‌లో చీరల షోరూంలో సేల్స్‌గర్ల్. శుక్రవారం తెల్లవారేసరికి ఇంట్లో లేదు. సెల్‌ఫోన్ స్విచాఫ్.

ఎవరితోనో లేచిపోయిందని వాడకట్టు తేల్చేసింది. షోరూంలో పనిచేసే విక్రమ్ పేరు కూడా కలిపింది. విక్రమ్ మాత్రం శుక్రవారమంతా డ్యూటీలోనే ఉన్నాడు.

రిపోర్టు ఏమిటని జనార్ధనరావు అడిగాడు. సత్తమ్మ చెప్పింది. కూతురి కింది పెదవి లోపల గడ్డలు. ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ కావచ్చన్నారు. ఆరేళ్ల కిందట తండ్రి రాజయ్య పోయిందీ నోటి క్యాన్సర్‌తోనే. నారపల్లి ప్లాటు ఆ వైద్యానికే కరిగిపోయింది.

"ఆయనకు జర్దా ఉండె సారూ. దీనికి చాయ్ తప్ప ఏ అలవాటు లేదు. అది గూడ నెల సంది సల్లారి మీగడ కట్టినంకనే తాగుతుండె. మంట పుడుతదట."

ఆ మాటను జనార్ధనరావు నోట్‌బుక్‌లోకి ఎక్కించలేదు.

11.05కి దవాఖానాలో రిపోర్టు చేతికొచ్చింది. క్యాన్సర్ కణాలు లేవు.

"పెదవి నింపడానికి ఎవరో ఫిల్లర్ ఇంజెక్షన్ వేశారు. ఏ సరుకో తెలీదు," అన్నాడు డాక్టర్. "ఒళ్లు దాన్ని ఒప్పుకోక చుట్టూ గడ్డ కట్టింది. ఫారిన్ బాడీ రియాక్షన్. వైద్యం ఉంది."

"ముందే అడగలేదా?"

"రెండుసార్లు అడిగాను. పెదవికి సూది వేయించుకున్నావా అని. తల్లే జవాబు చెప్పింది, మా పిల్ల గసుంటిది కాదని. ఆ పిల్ల తల వంచుకుంది."

ఒక్క ఫోన్ చేస్తే తీరిపోయే కేసు. ఆ ఫోన్ మోగడం లేదు.

సాయంత్రం 4.10. స్టేషన్‌లో సత్తమ్మ, విక్రమ్, నాచారంలో పార్లర్ నడిపే రాజశ్రీ. కాగితంలోని అక్క ఆమే. గురువారం సంతోషి వచ్చిందని, పనికి సెలవు పెడుతున్నానని మాత్రమే చెప్పి వెళ్లిందని అన్నది.

టీ వచ్చింది. విక్రమ్ రెండు గుక్కల్లో లాగించాడు.

"దొంగలకు గూడ గిదే చాయా సార్? మస్తుగుంది."

రాజశ్రీ గ్లాసు మీద మీగడ కట్టింది. అప్పుడు తీసుకుని, పెదవి ఒక మూల నుంచి మెల్లగా తాగింది.

జనార్ధనరావుకు పొద్దుటి మాట గుర్తొచ్చింది.

"ఎప్పట్నుంచమ్మా, చల్లార్చి తాగడం?"

రాజశ్రీ గ్లాసు దించింది. ముదురు లిప్‌స్టిక్ కింద పెదవి ఒక పక్క ఉబ్బి ఉంది.

అప్పుడు మొత్తం చెప్పింది. సంతోషి పెదవి మీద చిన్నప్పటి గాటు. షోరూంలో నగల కౌంటర్‌కు మారాలంటే అది పోవాలనుకుంది. పార్లర్‌కు కాస్మెటిక్స్ అమ్మేవాడు లేబుల్ లేని సీసా ఇచ్చాడు. ఆ మనిషి నంబర్ ఇప్పుడు పనిచేయడం లేదు.

"ముందు నాకే పొడుచుకున్నాను సార్. ఐదు నెలలు బాగానే ఉంది. అది చూసే సంతోషికీ వేశాను. ఎవరికీ చెప్పొద్దని ఆమెతో వాళ్లమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను."

"గురువారం ఏమంది?"

"నాకు క్యాన్సరంట, నాయినది సూసిన గద, అమ్మను మళ్ల గట్ల ఆగం జెయ్య అంది. నువ్వు గూడ సూపించుకో అక్కా అంది."

సత్తమ్మ జనార్ధనరావు వైపు తిరిగింది.

"డాక్టర్ కాడ అడ్డం జెప్పింది నేనే గద సారూ."

కేసు రాశారు. రాజశ్రీ తప్పు ఒప్పుకుంది. సంతోషి మాత్రం దొరకలేదు. శుక్రవారం ఉదయం 5.50కి ఉప్పల్ రింగురోడ్డులో వరంగల్ బస్సెక్కి భువనగిరికి టికెట్ తీసుకుందని కండక్టర్ చెప్పాడు. ఆపైన జాడ లేదు. రెండేళ్లు గడిచాయి. రిపోర్టు ఇంకా జనార్ధనరావు సొరుగులోనే ఉంది.

చదివేవాళ్లు ఆమెను గుర్తుపెట్టుకోండి. కింది పెదవి మీద పాత గాటు. చున్నీతో నోరు కప్పుకుంటుంది. చాయ్ చల్లారాకే తాగుతుంది. ఎక్కడైనా కనబడితే ఇంటికి రమ్మని కూడా అనక్కర్లేదు. అది క్యాన్సర్ కాదని ఒక్క మాట చెప్పండి.